తెలిసిన కథే, అయినా మళ్లీ: చిన్నప్పటి సినిమాను ఒక్కరే కూర్చుని చూస్తే ఏం జరుగుతుంది?

“చూసిన సినిమానే ఎన్నిసార్లు చూస్తావురా? డైలాగులన్నీ నీకు నోటికొచ్చు కదా!”

అమలాపురంలో అయినా తణుకులో అయినా ఈ మాట వినపడని ఇల్లు తక్కువ. అడిగేది అమ్మ కావచ్చు, భార్య కావచ్చు, బడికెళ్లే కూతురు కావచ్చు. టీవీ ముందు కూర్చున్న మనిషి “ఊరికే” అంటాడు. అంతకన్నా మంచి జవాబు దొరకదు పాపం. వినేవాళ్లు బద్ధకమనో, పనీపాటా లేకపోవడమనో అనుకుంటారు. నేను అలా అనుకోను. ఆ రెండున్నర గంటల్లో మనసు చాలా పని చేస్తుంది. అదేమిటో ఓపికగా విడదీసి చూడాలి.

ఇందులో వేర్వేరు సంగతులు ముడిపడి ఉన్నాయి. ముగింపు తెలిసిన కథ విసుగెందుకు పుట్టించదు? వేల సినిమాలు అందుబాటులో ఉండగా పదేళ్ల వయసులో చూసినదే ఎందుకు కావాలి? ఇంట్లో అందరూ పెళ్లికో తీర్థానికో వెళ్లిన రోజునే అది పెట్టుకోవాలని ఎందుకనిపిస్తుంది? వీటన్నిటికీ కలిపి “నోస్టాల్జియా” అని ఒక్క మాట చెప్పేసి ఊరుకుంటాం. దాంతో ఏ ప్రశ్నకూ జవాబు దొరకదు.

కథ తెలిసిపోయాక మిగిలేది

మొదటి ప్రశ్నకు జవాబు గోదావరి డెల్టావాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. శ్రీరామనవమి పందిట్లో కృష్ణ రాయబారం నాటకం ఆడుతుంటే చాప మీద కూర్చున్న ముసలాయనకు తర్వాతి పద్యం ఏమిటో తెలుసు. సంధి కుదరదనీ తెలుసు. అయినా నటుడు పద్యం ముగించి రాగం ఆపగానే “వన్స్ మోర్” అని అరుస్తాడు. నటుడు హార్మోనియం వైపు ఓసారి చూసి మళ్లీ ఎత్తుకుంటాడు. ఆ పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవులిద్దరూ ఈ నేలవాళ్లే. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పుట్టింది కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రి పుట్టింది భీమవరం దగ్గరి యండగండిలో. తెలియని కథ తెలుసుకుందామని ఆ పందిట్లోకి ఎవరూ రారు. తెలిసిన పద్యాన్ని ఇవాళ ఈయన ఎలా పాడతాడో విందామని వస్తారు.

అయితే నాటకానికీ సినిమాకీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. నాటకంలో రాత్రి రాత్రికీ నటుడు మారతాడు, గొంతు మారుతుంది, ఒక్కోసారి రాగం కూడా మారుతుంది. సినిమాలో రవ్వంత కూడా మారదు. ముప్పై ఏళ్ల కింద హీరో ఏ క్షణంలో తల తిప్పాడో ఇవాళా అదే క్షణంలో తిప్పుతాడు. అంటే మళ్లీ చూసినప్పుడు కొత్తగా ఏదైనా దొరికిందంటే ఆ కొత్తదనం తెర మీద నుంచి వచ్చింది కాదు. మారింది చూసే మనిషే. నా ఉద్దేశంలో ఈ విషయమంతా ఇక్కడే ఉంది.

పరిశోధకులు దీన్ని వేరే దారిలో వెతికారు. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లీవిట్, క్రిస్టన్‌ఫెల్డ్ కొంతమందికి చిన్న కథలు ఇచ్చి చదివించారు. కొందరికి ముగింపు ముందే చెప్పేశారు. ముగింపు తెలిసి చదివినవాళ్లే ఆ కథలు ఎక్కువ బాగున్నాయన్నారు. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాల్లో కొన్ని దీనికి భిన్నమైన ఫలితాలు కూడా ఇచ్చాయి కాబట్టి దీన్ని సూత్రంగా పట్టుకోనక్కర్లేదు. కానీ వాళ్లు చెప్పిన కారణం ఆలోచించదగ్గది. “తర్వాత ఏమవుతుందో” అనే టెన్షన్ మనసులో చాలా చోటు తీసుకుంటుంది. అది తప్పుకుంటే మిగతావాటి మీదికి చూపు పోతుంది.

మాయాబజార్ సంగతే తీసుకోండి. 1957లో వచ్చిన సినిమా, 2010లో రంగులద్దుకుని మళ్లీ విడుదలైంది. అభిమన్యుడు తప్ప అందులో పాండవుల పక్షం కథ నడిపేవాళ్లెవరు? కృష్ణుడు, ఘటోత్కచుడు. పాండవులు ఐదుగురూ ఆ సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా కనిపించరు. వాళ్ల ఇంటి పెళ్లి గొడవే కథ, వాళ్లు మాత్రం తెర మీదికి రారు. చిన్నప్పుడు చూసినప్పుడు ఈ సంగతి ఎవరికి తడుతుంది? కళ్లన్నీ లడ్డూల మీద, గిల్పం మీద, తల్పం మీద ఉంటాయి. చాలాసార్లు చూశాక, ఎవరూ మాట్లాడకుండా ఉన్నప్పుడు, “అవునూ, ధర్మరాజు ఏడీ?” అనిపిస్తుంది. అలా అనిపించిన క్షణం నుంచి సినిమా తీసినవాళ్ల తెలివి కొత్తగా కనిపించడం మొదలవుతుంది.

మళ్లీ చూస్తే అంతగా బాగుండదేమో అని ముందుగా మనం వేసుకునే అంచనా కూడా చాలాసార్లు తప్పుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో ఎడ్ ఓబ్రయన్ 2019లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతే తేల్చింది. చేసిన పనినే మళ్లీ చేస్తే ఎంత ఆనందం వస్తుందో జనం తక్కువగా ఊహించుకుంటారు. తీరా చేశాక, మొదటిసారి తాము ఎన్ని సంగతులు వదిలేశారో తెలుస్తుంది. దీనికి తోడు ఇంకో పాత సంగతి ఉంది. ఎక్కువసార్లు ఎదురైన ముఖం, బొమ్మ, మాట కేవలం ఎదురుకావడం వల్లనే కొంత ఇష్టంగా మారతాయని రాబర్ట్ జయాన్స్ 1968లోనే చూపించాడు. తెలిసినదాన్ని అర్థం చేసుకోవడానికి మెదడు తక్కువ కష్టపడుతుంది. ఆ సులువే మనకు హాయిగా తోస్తుంది. మన ఊరి పుంతలో చీకటి పడ్డాక నడిచేటప్పుడు కాళ్ల కింద దారి చూసుకోం కదా, అందుకే చుట్టూ ఏముందో చూడగలుగుతాం. తెలిసిన సినిమా కూడా అంతే.

పదేళ్ల వయసులో చూసినదే ఎందుకు

మనుషులు తమ జీవితాన్ని గుర్తు చేసుకోమంటే పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు. మొదటిసారి జరిగేవన్నీ ఆ వయసులోనే జరుగుతాయి. కానీ ఈ వివరణ నాకు సగమే సరిపోయింది. మిగతా సగం, సినిమా మన దగ్గరికి ఎలా చేరింది అన్నదాంట్లో ఉంది.

ఇప్పుడు సినిమా ఫోన్‌లో ఉంటుంది, వేలితో నొక్కితే వస్తుంది. డెల్టా పల్లెల్లో అప్పుడు అలా ఉండేది కాదు. సినిమా చూడాలంటే పక్క ఊరికి పోవాలి. సైకిలు వెనక కూర్చునో, కాలువ గట్టు వెంట నడిచో, మధ్యలో ఏరు అడ్డమొస్తే పంటు ఎక్కో పోవాలి. ఎదుర్లంక, యానాం మధ్య వంతెన 2002లో వచ్చేవరకూ అక్కడ గౌతమిని పంటు మీదే దాటేవాళ్లు. నేల టికెట్టు, ఇంటర్వెల్లో గోళీసోడా, పొట్లంలో వేరుశనక్కాయలు. అది కాకపోతే ఎవరింట్లోనో పెళ్లికి అద్దెకు తెచ్చిన వీసీపీ, అర్ధరాత్రి దాటాక అరుగు మీద నిద్రతో తూలుతూ చూసిన మూడో సినిమా. ఈటీవీ, జెమినీ 1995లో మొదలయ్యాయి. ఆ తర్వాత కేబుల్ ఆపరేటర్ రాత్రి పూట వేసే సినిమాలు. టీవీ లేని ఇళ్లకు రేడియో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. చాలామందికి సినిమా బొమ్మకన్నా ముందు చెవి ద్వారా ఇంట్లోకి వచ్చింది. అందుకే బొమ్మ కనిపించకపోయినా, పక్క గదిలోంచి వినపడినా, ఏ సీను నడుస్తోందో చెప్పేయగలరు.

ఇంత కష్టపడి చేరిన సినిమా ఒంటరిగా జ్ఞాపకంలో నిలబడదు. చుట్టూ ఉన్నవాటిని పట్టుకుని వస్తుంది. 1990 మే 9న జగదేకవీరుడు అతిలోకసుందరి విడుదలైంది. అదే రోజు తుఫాను కోస్తా మీద పడింది. ఆ సినిమా పేరెత్తితే వానా, నీళ్లూ గుర్తొచ్చేవాళ్లు ఇటువైపు చాలామంది ఉన్నారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను కూల్చేసింది. కొబ్బరిచెట్లు వరసకు వరస నేలకొరిగాయి, చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు తిరిగొచ్చాక టీవీలో మొదట చూసిన సినిమా ఏదో ఇప్పటికీ చెప్పేవాళ్లు నాకు తెలుసు. ఆ సినిమా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న వాళ్లకు లేనే లేదు.

కాబట్టి మళ్లీ చూస్తున్నది సినిమా ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న ఇల్లు, వాన, పక్కన కూర్చున్న మనిషి. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఫలానా హాస్య సన్నివేశం రాగానే తాతయ్య తొడ మీద కొట్టుకుని నవ్వేవారని తెలుసు. ఆ సన్నివేశం దగ్గర పడుతుంటే మనసు ముందుగానే సిద్ధమవుతుంది. కొత్త సినిమాకు ఈ పని చేతకాదు.

నోస్టాల్జియా అనే ఈ పాతరోజుల బెంగను ఒకప్పుడు జబ్బు అనుకున్నారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి, ఇంటికి దూరంగా ఉన్న స్విట్జర్లాండ్ వాళ్లను పట్టి పీడించే రోగంగా దీన్ని వర్ణించాడు. ఈ శతాబ్దంలో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో సెడికిడిస్, వైల్డ్‌షుట్, వాళ్ల సహచరులు చేసిన పని దాదాపు తిరగేసి చెప్పింది. మనసు బాగోనప్పుడు, ఒంటరితనం అనిపించినప్పుడు జ్ఞాపకాలు ఎక్కువగా కమ్ముకొస్తాయి. వచ్చాక, మనకంటూ మనుషులున్నారన్న భరోసా ఇస్తాయి. అంటే బెంగ రోగం కాదు, చాలావరకు మందు. మోతాదు సంగతి వేరు, దాని దగ్గరికి వస్తాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. జ్ఞాపకం ఫొటో తీసినట్టు ఉండదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొత్తగా కట్టుకుంటుందని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే రాశాడు. పాత సినిమా మళ్లీ చూస్తే ఇది కళ్లెదుట రుజువవుతుంది. అరగంట సాగిందనుకున్న పోరాటం మూడు నిమిషాల్లో అయిపోతుంది. అరివీర భయంకరుడు అనుకున్న విలన్ నడుము నొప్పితో బాధపడుతున్న నడివయసు మనిషిలా కనిపిస్తాడు. కొందరికి ఇది నిరాశ. నాకు మాత్రం ఇది సినిమా చూడటంలో అన్నిటికన్నా విలువైన భాగం. తాటిచెట్టంత ఎత్తుగా కనిపించిన మనిషి మామూలు ఎత్తుకు దిగాడంటే, నేను అప్పుడు ఎంత చిన్నవాణ్ణో తెలిసింది. క్రిస్టెల్ రసెల్, సిడ్నీ లెవీ 2012లో ప్రచురించిన అధ్యయనం కోసం, చదివిన పుస్తకాన్నే చదివేవాళ్లతో, చూసిన సినిమానే చూసేవాళ్లతో, వెళ్లిన చోటికే వెళ్లేవాళ్లతో మాట్లాడారు. గతం మీద మోజు ఒక్కటే వాళ్ల కారణం కాదని గమనించారు. తాము ఎంత మారామో కొలుచుకోవడానికి వాళ్లు అలా తిరిగి వెళుతున్నారు.

ఎవరూ లేని మధ్యాహ్నం

గోదావరి జిల్లాల్లో సినిమా అంటే జనం. ఈలలు, కాగితాలు ఎగరేయడం, బెనిఫిట్ షో, పండక్కి వచ్చిన అల్లుళ్లతో బాల్కనీ నిండిపోవడం. పాత సినిమాలు ఫోర్‌కేలో మళ్లీ థియేటర్లకు వస్తున్నాయి కూడా. పైన చెప్పిన 1990 సినిమానే 2025లో అదే మే 9న మళ్లీ విడుదల చేశారు. ఆ హడావుడి నాకు ఇష్టమే. కానీ అక్కడ దొరికే ఆనందం వేరు, ఇంట్లో ఒక్కరే చూసినప్పుడు దొరికేది వేరు. థియేటర్లో పాత సినిమా చూసేవాళ్లు ఒకరికొకరు “నీకూ గుర్తుందా, నాకూ గుర్తుంది” అని చెప్పుకుంటారు. అందరికీ గుర్తున్న సన్నివేశాలకే చప్పట్లు. నీ ఒక్కడికే గుర్తున్న చిన్న సన్నివేశం, వంటింట్లో తల్లి పాత్ర గిన్నె తుడుస్తూ చూసిన ఒక్క చూపు, ఆ చప్పట్లలో కొట్టుకుపోతుంది.

ఒక్కరే ఉన్నప్పుడు ఎక్కడ నవ్వాలో చెప్పేవాళ్లుండరు. పాటను మూడుసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు. కళ్లు తుడుచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకోనక్కర్లేదు. మన మగవాళ్లకు ఈ చివరిది ఎంత అవసరమో నేను చాలా ఇళ్లలో చూశాను. నలుగురిలో ఏడవలేని మనిషి తండ్రి పాత్ర చనిపోయే సన్నివేశాన్ని ఒంటరిగా చూస్తే ఎన్నో ఏళ్లుగా దాచుకున్నది బయటికొస్తుంది.

ఏకాంతం మీద జరిగిన పని ఇక్కడ ఉపయోగపడుతుంది. న్యూయెన్, రయన్, డెసీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, కాసేపు ఒక్కరే కూర్చున్నవాళ్లలో ఉద్రేకాలు తగ్గాయి. కోపం, ఆందోళన తగ్గినట్టే ఉత్సాహపు ఉరకలు కూడా తగ్గాయి. ఒంటరిగా ఉండటం తాము కోరుకున్నదైతే ఆ తగ్గుదల విశ్రాంతిగా మారింది. మరోవైపు, ఏమీ చేయకుండా తమ ఆలోచనలతో ఉత్త గదిలో కూర్చోవడం చాలామందికి భరించరానిదని టిమోతీ విల్సన్ బృందం 2014లో చూపించింది. కొందరు విసుగుతో తమకు తామే కరెంటు షాకు ఇచ్చుకున్నారు! ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే, చిన్నప్పటి సినిమా చేసే మేలు అర్థమవుతుంది. అది మనసును ఖాళీగా వదలదు, అలాగని కొత్త సినిమాలా మొత్తం లాక్కోదు. సగం ధ్యాస తెర మీద, సగం మన మీద ఉంటుంది. జే డెరిక్ 2013లో ఇంకొంచెం ముందుకు వెళ్లి, మనసును బిగపట్టుకుని పని చేసి అలసినవాళ్లు తెలిసిన కథల వైపే మొగ్గుతారని, ఆ తెలిసిన లోకంలో కాసేపు గడిపాక తేరుకుంటారని చూపించింది. కొత్త కథలు ఆ పని చేయలేదు. రోజంతా కౌంటరు దగ్గర జనంతో మర్యాదగా మాట్లాడి వచ్చిన బ్యాంకు ఉద్యోగి కొత్త వెబ్ సిరీస్ మొదలుపెట్టలేక పాత సినిమా పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

అయితే ఇంట్లో ఒక్కరే ఉండే అవకాశం అందరికీ ఒకేలా దొరకదు. మండువా ఇళ్లు తగ్గి డాబాలు వచ్చినా, మన ఇళ్లలో ఆడవాళ్లకు సొంత సమయం అంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు సర్దుకుని, అత్తగారు నడుం వాల్చాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఉన్న కాస్త వ్యవధే. ఆ వ్యవధిలో సినిమా పెట్టుకుంటే “పని లేదేంటమ్మా” అని అడిగేవాళ్లు ఎక్కడో ఒకచోట తయారవుతారు. మగవాడు చూస్తే కాలక్షేపం, ఆడమనిషి చూస్తే సోమరితనం. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. కాలేజీకి వెళ్లే వయసులో తను ఎలా ఉండేదో ఆమెకు గుర్తు చేసేది ఆ ఇంట్లో ఆ సినిమా ఒక్కటే కావచ్చు. ఆ రెండు గంటలు ఆమెకు వదిలేయాలి.

ఇంకోవైపు, ఒంటరితనం కోరుకోకుండా మీద పడ్డవాళ్లు ఉన్నారు. పిల్లలు హైదరాబాదులోనో కువైట్‌లోనో అమెరికాలోనో ఉంటారు. పెద్ద ఇంట్లో ఒక్క గదిలోనే లైటు వెలుగుతుంది, టీవీలో పాత సినిమా నడుస్తుంటుంది. ఇష్టమైన కార్యక్రమాలు మనుషుల తోడు ఉన్న భావన కొంత ఇస్తాయని డెరిక్, గాబ్రియల్, హ్యూగెన్‌బర్గ్ 2009లోనే రాశారు. కొంత ఇస్తాయి, నిజమే. మోతాదు సంగతి ఇక్కడే వస్తుంది. సినిమా అయిపోయాక లేచి పక్కింటివాళ్లతో మాట్లాడాలనిపిస్తే ఆ సినిమా మేలు చేసినట్టు. ఫోన్ మోగినా తీయబుద్ధి కాక వెంటనే ఇంకో సినిమా పెట్టుకుంటుంటే, అక్కడ లోటు సినిమాలది కాదు. అమ్మానాన్నలు అదే సినిమా మళ్లీ మళ్లీ చూస్తున్నారని దూరంగా ఉన్న పిల్లలకు తెలిస్తే, ఫోన్‌లో “తిన్నారా” తర్వాత “ఆ సినిమా మొదట ఎక్కడ చూశారు?” అని అడగడం మంచిది. కబుర్లు వాటంతట అవే వస్తాయి.

గుచ్చుకునే సన్నివేశాలు, మారిపోయిన ఏరు

పాత సినిమాలో ఇప్పుడు గుచ్చుకునేవి కూడా ఉంటాయి. అమ్మాయి వద్దంటున్నా వెంటపడటం ప్రేమగా చూపిస్తారు. లావుగా ఉన్న మనిషినీ, నల్లగా ఉన్న మనిషినీ, నత్తిగా మాట్లాడే మనిషినీ చూసి నవ్వమంటారు. చిన్నప్పుడు నవ్వేశాం. ఇప్పుడు నవ్వు రాదు. ఇష్టపడిన సినిమా కదా అని దీన్ని దాటేయనక్కర్లేదు, అలాగని సినిమా మొత్తాన్నీ విసిరేయనక్కర్లేదు. ఆ సన్నివేశం దగ్గర మనసు ముడుచుకుంటే, మనం ఎదిగామని అర్థం. పిల్లలతో కలిసి చూసే ముందు ఒకసారి ఒక్కరే చూసుకోవడం ఇందుకు కూడా మంచిది.

డెల్టావాళ్లకు ఇంకొకటి అదనంగా దొరుకుతుంది. గోదావరి మీద తీసిన సినిమాలు చాలా ఉన్నాయి. 1973లో వచ్చిన అందాల రాముడు కథంతా రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్లే పడవ ప్రయాణమే. చిన్నప్పుడు హీరోని చూశాం, ఇప్పుడు హీరో వెనక ఏటిని చూస్తాం. రేవు, ఒడ్డున పాకలు, తెరచాప పడవలు. రాజమండ్రి దగ్గర సినిమాల్లో కనిపించే పాత రైలు వంతెన మీద 1997 నుంచి రైళ్లు తిరగడం లేదు. తీసినవాళ్లు ఇవన్నీ దాచిపెడదామని తీయలేదు. అయినా దాగి ఉన్నాయి.

ఏ ప్రింటు చూస్తున్నామన్నది కూడా పట్టించుకోవాలి. తెలుగులో సినిమాస్కోప్ 1974లో అల్లూరి సీతారామరాజుతో వచ్చింది. ఆ పద్ధతిలో తీసిన సినిమా వెడల్పు, ఎత్తుకు రెండింతల కన్నా ఎక్కువ. పాత టీవీ తెర దాదాపు చదరం. తెర నిండా బొమ్మ కనిపించాలని క్యాసెట్లలో, కేబుల్లో రెండు పక్కలా కోసేసేవాళ్లు. లెక్క వేస్తే నలభై శాతానికి పైగా బొమ్మ పోయేది. వీసీపీలోనూ కేబుల్లోనూ చూసి పెరిగినవాళ్లకు డైలాగులన్నీ నోటికొచ్చినా, ఆ మాటలు వింటూ పక్కన నిలబడ్డ మనిషి ముఖం తెలియదు. కాబట్టి యూట్యూబ్‌లో వెతికేటప్పుడు పైనా కిందా నల్లపట్టీలున్న ప్రింటు దొరికితే దాన్నే ఎంచుకోండి. బొమ్మ చిన్నదిగా ఉందని విసుక్కోకండి. మీరు చిన్నప్పుడు చూడని భాగం అందులోనే ఉంది.